గుంటాసుర గర్వభంగం

స్వస్తి! నిరంతరహారన్‌నాదబధిరీకృతదిగంతరాళమును, ధూళిపటలసమాచ్ఛాదితసకలదుకాణఫలకమును, అడ్డదిడ్డముగా నిలిపిన వాహనములచే సగము మేను కోల్పోయినదియు నగు ఒకానొక మహావీధియందు, భానుడు మేడల మీది నీళ్ళట్యాంకుల చాటున నిలిచి పైకి రానా మాననా యని తటపటాయించు ప్రభాతవేళ, ఒక వీరునకును ఒక గుంటకును జరిగిన దారుణసంగ్రామమును వర్ణించెద, చెవులొగ్గి వినుడు. పూర్వము రాజులు రాజ్యముల కొరకు పోరిరి, పోరి పోయిరి. వారి గొడవ మనకేల? ఆ రాజ్యాలూ లేవు, ఆ రాజులూ లేరు. ఈ గుంట మాత్రం ఇప్పటికీ ఉంది. నమ్మనివారు వెళ్ళి చూసుకోవచ్చు, కాకపోతే బండి దిగి చూడండి.

ఈ గాథకు నాయకుడు కళ్ళజోళ్ళ దుకాణమున కొలువు చేయు ధీరుడు. మసకచూపుల పాలిటి మార్గదర్శి. లెన్సు తుడుచు విద్యయందు అద్వితీయుడు. గోడకు తగిలించిన అక్షరముల పట్టిక వైపు వేలు చాచి ‘కింద వరుస చదవండి’ అని ఆజ్ఞాపించినంతనే, పదిమందిని గడగడలాడించు పెద్దమనుషులు సైతము పసిపిల్లలవలె అక్షరములు కూడబలుక్కొనునట్టి ప్రతాపశాలి. ఆతని అర్ధాంగి దంతనిర్మాణకళావిశారద. నోట పళ్ళన్నియు రాలి నవ్వుటకు జంకు వృద్ధులకు, మైనముతో చిగుళ్ళు తీర్చి, అందు ఒక్కొక్క పన్నే గుచ్చి, నవ్వు తిరిగి ఇప్పించు పుణ్యాత్మురాలు. వీధిలోవారు వీరిని కళ్ళాయన అనీ పళ్ళావిడ అనీ పిలిచేవారు. అసలు పేర్లు కరెంటు బిల్లు తెచ్చేవాడికి తప్ప ఎవరికీ తెలియవు.

ఇక ప్రతినాయకుని జన్మవృత్తాంతము. తొల్లి ఆ వీధిలో నీళ్ళగొట్టము వేయుటకై కొందరు వచ్చి తవ్విరి. తవ్వినవారు పూడ్చినట్టు చేసి, పూడ్చినదానిని పరీక్షింపవచ్చినవారు చూసినట్టు చేసి, ఎవరి దారిన వారు పోవ, మొదటి వానకు ఆ మట్టి మెత్తబడి, ఒక బస్సు చక్రము తగిలి గిన్నెంత, ఒక లారీ చక్రము తగిలి బకెట్టంత, పిదప దినదినప్రవర్ధమానుడై స్నానాల తొట్టి అంత అయి, నడివీధిని పట్టాభిషిక్తుడై కూర్చుండినవాడే కంకరదంష్ట్రాకరాళవదనుడైన గుంటాసురుడు. అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ గుంటకు ఎడమవైపున నున్నటి రోడ్డు బోలెడంత ఉంది. పేపర్లు వేసేవాడు సైకిలు మీద ఈల వేసుకుంటూ దాటేవాడు. గ్యాసుబండి దాటేది. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, తోడికోడలి మీద చెప్పాల్సినవన్నీ చెప్పుకుంటూ స్కూటరు మీద పోయే ఒకావిడ కూడా సునాయాసంగా దాటేది. పడేది మన కళ్ళాయన ఒక్కడే. అదీ ఏదో అంచున కాదు, సరిగ్గా నడిమధ్యన.

ఎందుకు పడుతున్నాడో ఆతనికే తెలియదు. తెలియకపోవుటచే రోషము పెరిగెను, రోషము పెరుగుటచే గుంటను చూచు చూపు మరింత ఎర్రబడెను. మెల్లగా పోయి చూశాడు, మెల్లగా పడ్డాడు. వేగంగా పోయి చూశాడు, వేగంగా పడి చేతిసంచీ ఒకచోట టిఫిన్ డబ్బా ఒకచోట ఏరుకున్నాడు. ఒకనాడు ధైర్యసాహసములు ఉప్పొంగ, గుంటకు ఎదురుగా పోవుచు హారను మ్రోగించెను. గుంట తప్పుకోలేదు.

ఇంతవరకును ఇది నడుమునొప్పికి సంబంధించిన విషయము మాత్రమే. కాని మొన్నటి ఉదయము ఘోరము జరిగెను. పళ్ళావిడ ల్యాబులో సాయంత్రానికి సిద్ధమైన మైనపు పళ్ళ సెట్టును ఇంటికి తెచ్చుకుని, పొద్దున్నే దారిలో పళ్ళ డాక్టరు క్లినిక్కులో ఇచ్చి పనికి పోవడం అలవాటు. ఆ మైనం మీద కూర్చిన పళ్ళను డాక్టరు రోగి నోట్లో పెట్టి, కొరుకుడు సరిపోయిందో లేదో చూసి పంపితే, అప్పుడు గట్టి సెట్టు తయారవుతుంది. మైనమన్నాక కుదుపుకి ఓర్చుకోదు. మొన్న గుంటలో పడ్డ ఊపుకి డబ్బాలో పళ్ళు కదిలిపోయాయి. తొందరలో మూత తీసి చూడకుండా ఇచ్చేసిందావిడ. డాక్టరూ చూడకుండానే ఒక పెద్దావిడ నోట్లో పెట్టాడు. ముందరి రెండు పళ్ళూ వెనక్కి తిరిగి గొంతువైపు నవ్వుతున్నాయట. డాక్టరు అందరి ముందూ అన్న మాటలు పళ్ళావిడ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, వంటగదిలో గిన్నెలకు మాత్రం వినిపించింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె ప్రతిజ్ఞ చేసెను. సప్తసముద్రములు ఘూర్ణిల్లలేదు, కులపర్వతములు కంపింపలేదు, ఫ్రిజ్జు మాత్రము ఒక్కసారి గుర్రుమని ఊరుకొనెను.

“రేపు ఆ సెట్టే మళ్ళీ చేస్తున్నా. ఎల్లుండి తీసుకెళ్ళాలి. ఈసారి గానీ నువ్వు ఆ గుంటలో పడ్డావో, ఇక నీ బండి ఎక్కను. బస్సులో పోతా.”

అంతే. గొంతు పెంచలేదు. అందుకే కళ్ళాయనకు అన్నం సహించలేదు. ఎందుకంటారా? చెబుతాను. ఆతడు దుకాణం కట్టేసి వచ్చేసరికి ఆమె నిద్రకళ్ళతో ఉంటుంది, ఆమె మెలకువగా ఉన్న రోజున ఆతడు కునికిపాట్లు పడుతుంటాడు. మధ్యలో ఆతని తల్లి టీవీ, ఆమె తమ్ముడి ఫోన్లు, ఎవరో ఒకరి జ్వరం. ఆ మొగుడూపెళ్ళాలు ఇద్దరే మాట్లాడుకునే సమయమల్లా, పొద్దున్నే ఆ బండి మీద, రెండు హెల్మెట్ల మధ్య అరుచుకుంటూ పోయే ఆ కాస్త దూరమే. ‘ఏంటీ?’ ‘వినపడలేదు’ అన్నవి తీసేస్తే ఇంకా తక్కువ. ఆమె బస్సెక్కిందంటే అదీ పోతుంది. ఆతనికి గుంట మీద ఉన్నది కోపం కాదు, భయం.

ఇట్లు వీరుడు మరునాటి ఉదయము చింతాక్రాంతచిత్తుడై, టీ చల్లారి మీగడ కట్టుటయు ఎరుంగక గడపలో కూర్చుండ, ఆతని మేనత్త విచ్చేసెను. ఈమె సామాన్యురాలని భ్రమింపకుడు. డ్రైవింగు స్కూలున యౌవనమెల్ల వెచ్చించి, బ్రేకు నొక్కుమన్న యాక్సిలరేటరు నొక్కు శిష్యకోటిని సజీవముగా ఇండ్లకు చేర్చిన మహావీర. రిటైరై చాలాకాలమైనను నేటికిని స్కూటరుపైననే సంచరించుటచే బంధుకోటి ఈమెను స్కూటరత్త అని కొనియాడును. మేనల్లుడి గోడు విని, “ఏదీ, పద, నేను వెనక కూర్చుని చూస్తా” అంది. కూర్చుంది. చూసింది. పడింది. కళ్ళజోడు ముక్కు మీద నుంచి గడ్డం మీదికి జారగా, దాన్ని తిరిగి పెట్టుకుంటూ గుంట పక్కనే నిలబడి అసలు సంగతి చెప్పింది.

“ఒరేయ్, గుంట నిన్ను లాగట్లేదురా. నువ్వే దాన్ని మింగేసేట్టు చూస్తున్నావు. కళ్ళు ఎటు పోతే బండి అటే పోతుంది. తప్పించుకోవాల్సినదాన్ని చూడకు, పోవాల్సిన చోటు చూడు.”

చూడకపోతే గుంట ఎక్కడుందో ఎలా తెలుస్తుందని ఆతడు వాదించాడు. దూరం నుంచే ఒకసారి చూసి వదిలెయ్యమంది అత్త. శత్రువును చూడకుండా ఎలా గెలుస్తామని మళ్ళీ అన్నాడు. అది శత్రువు కాదనీ, దానికి నువ్వెవరో కూడా తెలియదనీ అత్త అంది. ఈ మాటకు ఆతని మనసు నొచ్చుకుంది.

అటు పిమ్మట ఆ వృద్ధవీర మేనల్లుని యింటికి మరలి, అరుగుపై ఆసీనురాలై, అరటిపండు ఒలుచుకొనుచు, ద్విచక్రవాహనధర్మసూక్ష్మములను సవిస్తరముగా ఉపదేశించెను. బయలుదేరకమునుపే, చక్రములు చల్లగా ఉన్న వేళ గాలి చూసుకొనవలయుననియు. గొలుసు మరీ బిగువుగాను మరీ వదులుగాను ఉండరాదనియు. ముందరి బ్రేకును వెనుకటి బ్రేకును కూడబలుక్కున్నట్లు కలిపి, మెల్లమెల్లగా బిగింపవలయునే గాని దొంగ మెడ పట్టినట్లు ఒక్కుమ్మడి పట్టరాదనియు. ఇసుక, తడిసిన తెల్లగీతలు, మురుగుమూతల ఇనుప పలకలు, వీనిపై బ్రేకు ముట్టరాదనియు. బస్సు అద్దములో డ్రైవరు మొహము నీకు కనపడనిచో నీవు వానికి కనపడవనియు. నిలిచిన కారు పక్క నుండి పోవునపుడు తలుపు తెరుచుకొనునంత ఎడము ఉంచవలయుననియు. మలుపు తిరిగిన పిదప ఇండికేటరు ఆర్పని వానికి ఇహమున గాని పరమున గాని దారి దొరకదనియు. ఒకవేళ గుంటలో పడుట తప్పని పక్షమున ముందుగనే బ్రేకు వేసి, పడు క్షణమున వదలి, కాళ్ళపై బరువుంచి కొంచెము లేవవలయుననియు చెప్పెను. ఈ చివరిమాట పళ్ళావిడకు వినపడకుండా మెల్లగా చెప్పింది. తరువాత అరటితొక్కను చేతికిచ్చి, దారిలో పడెయ్యకు, ఎవరైనా జారతారని హెచ్చరించి, స్కూటరు తన్ని వెళ్ళిపోయింది.

వీరుడు ఆ సాయంత్రమే దుకాణమునుండి పెందలకడ వచ్చి అస్త్రాభ్యాసము మొదలుపెట్టెను. చూపు నిలుపుటకు గురి ఒకటి కావలయును గదా. వీధి చివర, మేడ మీది వరండాలో, బనియను వేసుకున్న ఒక పెద్దాయన ఉదయము పళ్ళు తోముకొనుచును, సాయంత్రము పేపరు చదువుకొనుచును అచలుడై నిలిచియుండును. ఆయనే గురి. బండి మీద సాధన చేస్తే పెట్రోలు దండగని, కళ్ళాయన నడుస్తూనే మొదలుపెట్టాడు. రెండు చేతులూ ముందుకు చాచి, లేని హ్యాండిలు పట్టుకుని, పెదవులతో ఇంజను శబ్దం చేస్తూ, రెప్ప వాల్చకుండా ఆ పెద్దాయననే చూస్తూ గుంటకు ఎడమవైపుగా దాటాడు. మళ్ళీ వెనక్కి వచ్చి మళ్ళీ దాటాడు. గేరు మార్చినప్పుడల్లా ఎడమకాలు విదిలించేవాడు. ఎన్ని మార్లు దాటినా గుంటలో పడలేదు. ఆనందంతో ఆ పెద్దాయన వైపు చెయ్యి ఊపాడు కూడా. పెద్దాయన పేపరు దించి చూశాడు, భార్యను పిలిచి చూపించాడు, ఇద్దరూ లోపలికి పోయి గడియ పెట్టుకున్నారు. పాపం, మనవాడు అది గమనించలేదు.

తెల్లవారెను. యుద్ధదినము. కవచధారణఘట్టము ఎట్లు జరిగెనో వినుడు. ‘శిరస్త్రాణమెక్కడ? వజ్రకఠినమైన నా శిరస్త్రాణమును ఎవ్వరు అపహరించిరి?’ అని వీరుడు గర్జించె నని చెప్పిన కథ బాగుండును గాని, నిజానికి ఆతడు అన్నది, “అమ్మా, నా హెల్మెట్‌లో ఉల్లిపాయలెవరు పెట్టారు?” అని. ఉల్లిపాయలు దులిపి, పొట్టు ఊది, తల దూర్చి, పట్టీ టక్కున బిగించి, చక్రముల గాలి బొటనవేలితో కాక మీటరుతోనే చూసి, గొలుసును వేలితో కదిపి, సైడుస్టాండు పైకెత్తి, వీరుడు రథారూఢుడయ్యెను. పళ్ళావిడ తన హెల్మెట్ పెట్టుకుని, గుడ్డలో చుట్టిన డబ్బాను రెండు చేతులా పొట్టకు హత్తుకుని వెనక కూర్చుంది. మామూలుగా ఒక చెయ్యి ఆతని భుజం మీద ఉంటుంది. ఆ రోజు లేదు. ఆ భుజం ఖాళీగా ఉండడం ఆతనికి తెలుస్తూనే ఉంది.

కదలెను రథము. దగ్గెను సైలెన్సరు. ఉన్మార్గుడై ఎదురువచ్చిన ఆటోను తప్పించి, నిలిచిన కారునకు తలుపెడము విడిచి, అది నిజముగనే తెరుచుకొనగా స్కూటరత్తను మనసులో స్మరించి, బస్సు అద్దమున డ్రైవరు మొహము కనపడువరకును వెనుకనే ఆగి, కనపడిన పిదప దాటి, మలుపు తిరిగి ఇండికేటరు ఆర్పి, మన వీరుడు నిర్విఘ్నముగా ముందుకు సాగుచుండెను. వెనక నుంచి మాట లేదు. ఆతడే కబురు మొదలుపెట్టాడు. నిన్న దుకాణానికి ఒకాయన వచ్చాడట. దూరానివి కనపడవు, దగ్గరవీ కనపడవు, మధ్యవి మాత్రం బ్రహ్మాండంగా కనపడతాయన్నాడట. సరే మధ్యవి అంటే ఏవండీ అని అడిగితే, ఆయన... అని చెప్పబోతుండగా వీధి మలుపు వచ్చింది.

అదిగో గుంటాసురుడు! రాత్రి ఏ ట్యాంకరు కార్చిపోయెనో గాని నీటితో నిండి, నింగిని తన కడుపులో దాచుకొని, ఎంత లోతో ఎరుగనీయక, పరమసాధువువలె కదలక మెదలక పడియుండెను. కుడివైపునుండి బస్సొకటి హోరెత్తుచు వచ్చుచుండెను. ఎడమదారి యెప్పటివలెనే నిష్కంటకము. వీరుడు దూరమునుండియే గుంటను ఒక్కమారు చూచి, గురూపదేశము తలచి, చూపు ఎగురవేసి, వీధి చివరి మేడపైకి సారించెను.

వరండాలో పెద్దాయన లేడు.

తలుపు మూసుంది. కర్టెను కూడా వేసుంది. తీగ మీద బనియను సైతం లేదు. గురి తప్పిన చూపు ఆ గోడ మీదా ఈ స్తంభం మీదా కాసేపు తచ్చాడి, వాలడానికి చోటు దొరక్క, అలవాటైన చోటికే జారసాగింది. చూపు వెంట మెడ, మెడ వెంట భుజాలు, భుజాల వెంట హ్యాండిలు. ‘చూడకూడదు, చూడకూడదు’ అని ఎంత గట్టిగా అనుకుంటే అంత స్పష్టంగా గుంటే కనపడుతోంది. వెనక కూర్చున్నావిడకు ఆ కొద్దిపాటి ఒరుగుడు తెలిసింది. ఎన్నాళ్ళుగానో ఆ వీపు వెనక కూర్చున్న మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? ‘అయ్యో గుంట’ అని అరవవచ్చు. ఇన్నాళ్ళూ అరిచింది, అరిచిన ప్రతిసారీ పడ్డారు. ఈసారి అరవలేదు.

“ముందు పోయే తెల్ల వ్యాను కనిపిస్తోందా?”

“ఏ వ్యాను?”

“అదిగో, అక్కడ, దూరంగా. వెనక ఏదో రాసుంది. చదువు.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. మీ కొట్లో అందరిచేతా చదివిస్తావుగా.”

వృత్తిధర్మమనునది యెంత బలవత్తరమైనదో కనుడు! ‘చదువు’ అన్న ఒక్క మాటకు గుంట మాయమయ్యెను, బస్సు మాయమయ్యెను, జగమంతయు ఆ వ్యాను వెనుకటి తలుపై నిలిచెను. అందరిని పరీక్షించినవాడు తానే పరీక్షకు నిలిచి, కనులు చిట్లించి, మెడ చాచి, మట్టి చిమ్మి సగము మాసిన అక్షరములను ఒక్కొక్కటిగా కూడబలుక్కొన దొడగెను.

“దూ... రం... పా... టిం... చండి.”

“కింద వరుస?”

“మరీ చిన్నక్షరాలు.”

“చదువు.”

“లో... పల... గు... గుడ్లు.”

“గుడ్లా?”

“గుడ్లే. గుడ్లుంటే దూరం ఉండమంటాడేంటి? మనం వెళ్ళి పగలగొడతామా?”

వెనకనుంచి ఎవడైనా వచ్చి గుద్దితే మొత్తం ఊడ్చుకుపోవాల్సిందే కదా అని ఆమె అంది. మరి నీ డబ్బా మీద కూడా ‘లోపల పళ్ళు’ అని రాయిద్దామా అని ఆతడు అన్నాడు. అది చదివినవాడు జామపళ్ళనుకుని మీదికొస్తాడని ఆమె అంది. హెల్మెట్ లోపల నవ్వితే బయటికి వినపడదు గానీ, వీపుకు తెలుస్తుంది. ఇలా వాళ్ళు సిగ్నలు దాకా వచ్చేశారు. ఎర్రదీపం దగ్గర తెల్లగీత ఇవతలే బండి ఆపి, కాలు కింద పెట్టిన తరువాత కళ్ళాయనకు ఏదో తక్కువైనట్టనిపించింది. నడుము తడుముకున్నాడు, నొప్పి లేదు.

“గుంట ఏది?”

“ఎప్పుడో దాటాం.”

ఆతడు వెనక్కి తిరిగి చూడబోయాడు. ఆమె ఆతని హెల్మెట్ మీద ఒక్కటిచ్చి ముందుకు తిప్పింది.

క్లినిక్కు గుమ్మం దగ్గర ఆమె దిగి, గుడ్డ విప్పి, మూత తీసింది. వీరుడు బండిపైనుండియే మెడ చాచి చూచెను. మైనపు చిగుళ్ళలో పళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ముందరి రెండూ బుద్ధిగా బయటికే చూస్తూ నవ్వుతున్నాయి. ఆమె ఒక్కొక్కదాన్నీ గోటితో తాకి చూసి మూత పెట్టింది. మెచ్చుకోలేదు. బస్సు మాట ఆతడు అడగలేదు, అడిగితే ఏమంటుందోనని భయం. హెల్మెట్ తీసి ఆతని చేతికిచ్చి రెండు మెట్లెక్కింది, ఆగింది.

“ఆ మధ్యవి మాత్రమే కనపడే ఆయన సంగతి సగంలో ఆపేశావు. మిగతాది రేపొద్దున బండి మీద చెప్దువుగాని.”

అని లోపలికి పోయింది. కళ్ళాయన చాలాసేపు అక్కడే, బండి స్టార్టు చేసి మరీ, ఎక్కడికీ పోకుండా కూర్చున్నాడు. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. ఆతనికి అవి మంగళవాద్యాల్లా వినిపించాయి.

దిక్పాలకులారా, దిగంతములారా, అడ్డముగా బండ్లు నిలిపిన మహాజనులారా, వినుడు! గుంటాసురుడు పరాజితుడయ్యెను. పూడలేదు, ఎండలేదు, ఒక గులకరాయంతైనా తరగలేదు; అయినను పరాజితుడయ్యెను. భేరులు మ్రోగింపుడు, పతాకలెత్తుడు. ఏలన, ఈ దినమున, ఈ వీధియందు, అందరును చూచుచుండగా, ఒక మనిషి ఒక గుంటలో పడలేదు. రేపు పొద్దున్న అతని వెనక సీటు ఖాళీగా ఉండదు.